ఫైలు ముట్టుకోని ఆఫీసరు: స్టూడెంట్ వీసాలో అసలు చూసేదేంటి

"నా ఫైలు ముట్టుకోను కూడా లేదన్నా" అన్నాడు ఫోన్లో మా చిన్నాన్న కొడుకు. ఆరు నెలలు కూడబెట్టిన కాగితాలవి. మార్కుల మెమోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, లోన్ శాంక్షన్ లెటరు, ఆస్తి వాల్యుయేషన్, ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ కవరు, పైన రంగు రంగుల ట్యాగులు. అమెరికా కాన్సులేట్‌లో కిటికీ అవతల ఆఫీసరు మూడు ప్రశ్నలడిగి, కీబోర్డు మీద టకటకా ఏదో కొట్టి, పాస్‌పోర్టుతో పాటు ఒక స్లిప్పు చేతిలో పెట్టి సారీ అన్నాడట. అంతా కలిపి రెండు నిమిషాలు. స్లిప్పు మీద 214(బి) అని ఉంది, వీసా ఏ సెక్షన్ కింద ఇవ్వలేదో చెప్పే నంబరది.

వాడి బాధలో సగం రిజెక్ట్ అయినందుకు, మిగతా సగం ఫైలు తెరవనందుకు. పేపరు దిద్దకుండానే ఫెయిల్ చేసినట్టుంది కదా అంటాడు. అమెరికా ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాళ్లు చాలామంది ఇదే మాట అంటారు. నాకేమనిపిస్తుందంటే, మనం వీసాని కూడా ఇంకో ఎంట్రన్స్ లాగే చూస్తున్నాం, ఎక్కువ మార్కులు, ఎక్కువ కాగితాలు, ఎక్కువ డబ్బు చూపిస్తే పాస్ అని. మీరు చదవగలరా లేదా అన్నది కాలేజీ ఆల్రెడీ తేల్చేసింది. కిటికీ అవతల మనిషి తేల్చేది వేరే సంగతి. ఆ దేశపు చట్టం విదేశీ స్టూడెంట్ మీద ముందే ఒక అనుమానం రాసి పెట్టుకుంది, ఆ అనుమానం మీ విషయంలో తీరిందా లేదా, అంతవరకే ఆయన పని. ఈ అనుమానం దేశానికో రకం. అదేంటో తెలీకుండా కాగితాలు పోగేస్తే అడగని ప్రశ్నకి వంద పేజీల జవాబు రాసినట్టవుతుంది.

దాంట్లోకి వెళ్లేముందు ఒక చిక్కుముడి విప్పాలి, ఎందుకంటే "వీసా వచ్చింది" అనే ఒక్క మాటలో మనం నాలుగు పర్మిషన్లు కలిపేస్తాం, వాటిని ఇచ్చేవాళ్లు కూడా ఒక్కరు కాదు. మొదటిది కాలేజీ ఇచ్చేది. ఇక్కడ కూడా అడ్మిషన్ లెటర్ వేరు, వీసాకి పనికొచ్చే కాగితం వేరు. అమెరికాకి ఐ-20, ఆస్ట్రేలియాకి సీఓఈ, బ్రిటన్‌కి క్యాస్ (ఇది కాగితం కూడా కాదు, కాలేజీ వాళ్లు హోమ్ ఆఫీస్ సిస్టమ్‌లో పుట్టించే ఒక రిఫరెన్స్ నంబరు), కెనడాకి కాలేజీ లెటర్‌తో పాటు 2024 జనవరి నుంచి చాలామందికి ప్రావిన్స్ ఇచ్చే అటెస్టేషన్ లెటర్ కూడా కావాలి. రెండోది కాన్సులేట్ ఇచ్చే వీసా. మూడోది విమానం దిగాక ఇమిగ్రేషన్ కౌంటర్లో దొరికే ఎంట్రీ, చేతిలో వీసా ఉన్నా సరే అక్కణ్ణుంచే వెనక్కి పంపే అధికారం ఆ ఆఫీసరుకి ఉంటుంది. నాలుగోది లోపలికెళ్లాక మీకుండే స్టేటస్. ఐ-20 రాగానే ఫ్రెండ్స్‌కి పార్టీ ఇచ్చేవాళ్లని చూస్తే ఇల్లలకగానే పండగ కాదురా అనాలనిపిస్తుంది.

రెండోదానికీ నాలుగోదానికీ తేడా తెలీక భయపడేవాళ్లు చాలామంది. అమెరికాలో చదువుతుండగా పాస్‌పోర్టు మీద వీసా డేట్ అయిపోయిందనుకోండి, అక్రమంగా ఉన్నట్టేనా? కాదు. ఆ స్టాంపు గేటు దగ్గర చూపించే టికెట్టు లాంటిది, సినిమా మధ్యలో దాని టైమ్ అయిపోతే లేపి పంపించరు, బయటికెళ్లి మళ్లీ రావాలంటే మాత్రం కొత్త టికెట్టు కావాలి. లోపల ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది ఐ-94 రికార్డు, ఎఫ్-1 వాళ్లకి దాంట్లో తారీఖు బదులు డి/ఎస్ అని ఉంటూ వచ్చింది, అంటే స్టూడెంట్‌గా రూల్స్ పాటిస్తున్నంత కాలం అని. ఇటు వైపు చూస్తే, వీసా అయిదేళ్లకి ఉన్నా కాలేజీ మానేస్తే స్టేటస్ పోయినట్టే. కెనడాలో ఈ రెండింటికీ పేర్లే వేరు, ఉండి చదువుకోనిచ్చేది స్టడీ పర్మిట్, లోపలికి రానిచ్చేది పాస్‌పోర్టులో అంటించే వీసా. జర్మనీలో నేషనల్ వీసా మీద వెళ్లి, అక్కడి ఫారినర్స్ ఆఫీసులో రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలి.

ఇక అనుమానం సంగతి. అమెరికాలో ఇది చట్టంలోనే రాసి ఉంది. 1952 నాటి ఇమిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్ట్‌లో 214(బి) సెక్షన్ ఏమంటుందంటే, వీసా అడిగే విదేశీయుడు స్థిరపడటానికే వస్తున్నాడని ముందు అనుకోవాలి, కాదని ఆఫీసరుకి నమ్మకం కలిగించాల్సింది అప్లై చేసినవాడే. కోర్టులో ముద్దాయిని కూడా నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అంటారు, ఇక్కడ తిరకాసు. హెచ్-1బి, ఎల్ లాంటి కొన్ని ఉద్యోగ వీసాలకి ఈ అనుమానం నుంచి మినహాయింపు ఉంది, స్టూడెంట్‌కి లేదు. పైగా ఎఫ్-1 గురించి చెప్పే భాగంలో ఇంకో షరతు, సొంత దేశంలో నివాసం ఉండాలి, దాన్ని వదులుకునే ఉద్దేశం ఉండకూడదు.

ఇప్పుడు చూడండి, ఇరవై రెండేళ్ల పిల్లాడికి సొంత నివాసం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉద్యోగం లేదు, పెళ్లి లేదు, ఇల్లు నాన్నది. తిరిగి వస్తాడనడానికి చూపించే ఆధారమే చేతిలో ఉండదు, అందుకే ఆస్తి వాల్యుయేషన్లు పట్టుకెళ్తారు, అవి నాన్న పేరు మీద ఉన్న ఆస్తికి విలువ చెప్తాయి గానీ కొడుకు మనసులో ఏముందో చెప్పవు. ఇంకో పక్క అదే దేశం చదువయ్యాక 12 నెలలు పని చేసుకోమని ఓపీటీ ఇస్తుంది, సైన్సు, ఇంజనీరింగ్ లాంటి స్టెమ్ కోర్సులైతే ఇంకో 24 నెలలు పొడిగింపు. అంటే మూడేళ్లు పని చేసుకోవచ్చని రూలు చెప్తుంది, కిటికీ దగ్గర మాత్రం తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందని నమ్మించాలి. ముందు నుయ్యి వెనక గొయ్యి. దీనికి తియ్యటి అబద్ధం పరిష్కారం కాదని నా అభిప్రాయం, "చదువైన మర్నాడే ఫ్లైట్ ఎక్కేస్తా" అంటే ఎవరూ నమ్మరు. చదివింది సొంత దేశంలో ఎక్కడ, ఏ పనికి వాడతారో మీకే స్పష్టంగా ఉంటే అది మాటలో తెలుస్తుంది, లేకపోతే ఎంత ప్రాక్టీస్ చేసినా తేలిపోతుంది.

మిగతా దేశాలు ఇదే అనుమానాన్ని వేరేగా పట్టుకుంటాయి. కెనడా చట్టంలో 22(2) అనే క్లాజు ఉంది, తాత్కాలికంగా వచ్చేవాడికి భవిష్యత్తులో స్థిరపడాలనే ఆశ ఉన్నంత మాత్రాన తప్పు కాదు, గడువు అయ్యేసరికి వెళ్లిపోతాడన్న నమ్మకం కలిగితే చాలు అని, అయినా అక్కడి రిజెక్షన్ లెటర్లలో ఎక్కువగా కనిపించే లైను "గడువు తర్వాత దేశం విడిచి వెళ్తారని నమ్మకం కలగలేదు" అన్నదే, ఎంత విచిత్రమో. ఆస్ట్రేలియాలో పాతకాలపు జీటీఈ, అంటే తాత్కాలికంగానే వస్తున్నానని నిరూపించుకోవడం, 2024 మార్చి 23న తీసేసి జెన్యూన్ స్టూడెంట్ అనే పరీక్ష పెట్టారు. ఇప్పుడు అడిగేది ప్రధానంగా చదువే మీ ఉద్దేశమా, ఈ కోర్సు మీకేం పనికొస్తుంది అని. బ్రిటన్‌లో లెక్క పాయింట్లతో నడుస్తుంది, మొత్తం 70 కావాలి, క్యాస్‌కీ కోర్సుకీ కలిపి 50, డబ్బుకి 10, ఇంగ్లీషుకి 10. వినడానికి మెషీన్ లాగా ఉంది కదా, కానీ అక్కడ కూడా క్రెడిబిలిటీ ఇంటర్వ్యూ పెట్టి, నిజంగా చదవడానికేనా అన్నది విడిగా చూస్తారు. జర్మనీ ఎక్కువగా పట్టించుకునేది నెల నెలా మీ ఖర్చు ఎలా గడుస్తుందని.

అమెరికా మరీ ఇంత బిగువుగా ఎందుకు ఉంటుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1993లో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీద బాంబు దాడి చేసినవాళ్లలో ఒకడు స్టూడెంట్ వీసా మీద వచ్చి చదువు మానేసినవాడు. అతనెక్కడున్నాడో ప్రభుత్వం దగ్గర లెక్కే లేదు. దాంతో విదేశీ స్టూడెంట్ల వివరాలు ఎలక్ట్రానిక్‌గా సేకరించాలని 1996లో చట్టం తెచ్చారు, కానీ పని నత్తనడకన సాగింది. 2001 సెప్టెంబర్ 11 దాడి చేసినవాళ్లలో ఒకడు స్టూడెంట్ వీసా మీదే వచ్చాడు. అంతకన్నా పరువు తీసిన సంగతి ఇంకోటుంది, దాడి జరిగి సరిగ్గా ఆరు నెలలయ్యాక 2002 మార్చిలో, విమానాలు నడిపి చనిపోయిన ఇద్దరి స్టూడెంట్ స్టేటస్ అప్రూవ్ అయిందంటూ ఫ్లోరిడాలోని ఫ్లయింగ్ స్కూల్‌కి ఇమిగ్రేషన్ శాఖ నుంచి కాగితాలు వెళ్లాయి. అప్పుడు గానీ కదల్లేదు, 2003లో సెవిస్ అనే డేటాబేస్ మొదలైంది. మీ ఐ-20 మీద ఎన్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది చూడండి, అది ఆ డేటాబేస్‌లో మీ పేరు. క్లాసులు తగ్గించినా, అడ్రస్ మారినా, కాలేజీ మారినా అక్కడ ఎక్కాల్సిందే. దీనికి ఎఫ్-1 వాళ్లు కట్టే సెవిస్ ఫీ 350 డాలర్లు, 2019 జూన్ ముందు 200 ఉండేది, వీసా ఫీజు 185 దీనికి అదనం. మన మీద నిఘా పెట్టే కంప్యూటర్‌కి కరెంటు బిల్లు మనమే కడుతున్నామన్నమాట.

సరే, డబ్బు. అందరూ ఎక్కువగా తికమకపడేది ఇక్కడే, ఎందుకంటే ఎంత చూపించాలి అని మాత్రమే అడుగుతారు. అడగాల్సినవి ఇంకో రెండున్నాయి, ఆ డబ్బు ఎన్నాళ్లుగా ఉంది, ఎక్కణ్ణుంచి వచ్చింది.

ఎంత అన్నదానికి కొన్ని దేశాలు నంబరు రాసిపెట్టాయి. జర్మనీలో బ్లాక్‌డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు, 2024 సెప్టెంబర్ నుంచి, అది కూడా మొత్తం ఒకేసారి చేతికి రాదు, నెలకి 992 చొప్పునే వదుల్తారు. కెనడాలో ఒక్కరికైతే 2025 సెప్టెంబర్ నుంచి 22,895 కెనడా డాలర్లు, ఫీజు విడిగా. 2023 దాకా ఇది పదివేలు, ఎంత పెరిగిందో చూడండి, పాత వీడియోలు చూసి లెక్కలేసుకునేవాళ్లు మునిగేది ఇలాంటి చోటే. ఆస్ట్రేలియాలో ఏడాది జీవనఖర్చు కింద 29,710 ఆస్ట్రేలియా డాలర్లని 2024 మే నుంచి. అమెరికాలో ఇలాంటి ఒకే నంబరు లేదు, మీ ఐ-20 మీద కాలేజీ వేసిన ఏడాది ఖర్చే మీ నంబరు, మొదటి ఏడాదికి డబ్బు రెడీగా ఉండాలి, మిగతా కాలానికి ఎలా వస్తుందో నమ్మేలా చెప్పగలగాలి. ఈ నంబర్లన్నీ తరచూ మారతాయి కాబట్టి అప్లై చేసే వారంలో ప్రభుత్వ సైట్లో ఒకసారి చూసుకోవాల్సిందే.

ఎన్నాళ్లు అన్నదాంట్లో బ్రిటన్ రూలు దగ్గరగా చూద్దాం, ఇది అర్థమైతే మిగతావి సులువు. లండన్‌లో చదువైతే నెలకి 1,529 పౌండ్లు, బయటైతే 1,171 (2025 నవంబర్ నుంచి), గరిష్ఠంగా తొమ్మిది నెలలకి. లండన్ బయట కోర్సు అనుకుంటే 1,171ని తొమ్మిదితో గుణిస్తే 10,539 పౌండ్లు, దానికి క్యాస్‌లో కట్టాల్సి ఉందని చూపించిన మొదటి ఏడాది ఫీజు కలపాలి. ఫీజు 9,000 బాకీ ఉందనుకుంటే మొత్తం 19,539. ఈ మొత్తం అకౌంట్‌లో వరసగా 28 రోజులు ఉండాలి, ఆ 28 రోజులు ముగిసే తారీఖు మీరు అప్లై చేసే రోజుకి 31 రోజుల లోపే ఉండాలి. వరసగా అంటే నిజంగానే వరసగా. ఇరవై ఆరో రోజున ఎవరో ఆ అకౌంట్ నుంచి కరెంటు బిల్లు కట్టారు, బ్యాలెన్సు 19,530కి దిగింది, మర్నాడు మళ్లీ వేశారు. మీ దృష్టిలో తొమ్మిది పౌండ్లే, ఆఫీసరు దృష్టిలో 28 రోజుల లెక్క మొదటికొచ్చింది. సగటు తీసుకోరు, చివరి బ్యాలెన్సు ఒక్కటే చూడరు, ఆ మధ్యలో అతి తక్కువ ఎంతకి పడిందన్నదే చూస్తారు. అకౌంట్ కూడా మామూలుగా మీదో, అమ్మానాన్నలదో అయ్యుండాలి, అమ్మానాన్నలదైతే సంబంధం చూపించే కాగితం, వాళ్ల అంగీకార పత్రం కావాలి. మేనమామ అకౌంట్ ఎంత నిండుగా ఉన్నా ఇక్కడ చెల్లదు. నేను చెప్పేదొకటే, ఆ అకౌంట్ ఏటీఎం కార్డు తీసి బీరువాలో పెట్టి తాళం వేసెయ్యండి.

ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నది ఇంకా సున్నితం. నాన్న జీతం నెలకి 100 అనుకుందాం, లెక్క కోసం. స్టేట్‌మెంట్‌లో నెల మొదట్లో 100 పడుతుంది, నెలాఖరుకి 12 మిగులుతుంది, మర్నెల 100, నెలాఖరుకి 9, ఇలా పదకొండు నెలలు. పన్నెండో నెల హఠాత్తుగా ఒక్కరోజున 4,000 జమ. ఈ లైను చూడగానే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఎవరి దగ్గరో తెచ్చి చూపించడానికి వేశారని. కన్సల్టెన్సీల భాషలో దీనికి "ఫండ్స్ చూపించడం" అని ముద్దుపేరు, నెలకింత వడ్డీ అని తీసుకుని డబ్బు పార్క్ చేసే వ్యాపారమే ఉంది. అదే 4,000 పొలం అమ్మితే వచ్చిందనుకోండి, అమ్మకం కాగితం పక్కన పెడితే అనుమానం అక్కడితో పోతుంది. మధ్యతరగతివాళ్లకి అన్నిటికన్నా శుభ్రమైన దారి ఎడ్యుకేషన్ లోన్ అంటాను, అప్పు ఉందంటే చిన్నతనం అనుకుంటారు గానీ, బ్యాంకు లెటర్‌లో ఎంత, ఎవరికి, ఏ కోర్సుకి అని స్పష్టంగా ఉంటుంది, అరువు తెచ్చిన బ్యాలెన్సు కన్నా ఆ లెటరు వెయ్యి రెట్లు నయం.

మళ్లీ మావాడి ఇంటర్వ్యూ దగ్గరకొద్దాం. అడిగిన మూడు ప్రశ్నలు ఇవీ. ఈ యూనివర్సిటీయే ఎందుకు? "వరల్డ్ క్లాస్ ఫ్యాకల్టీ, డైవర్స్ కల్చర్, ఎక్సలెంట్ రీసెర్చ్ ఫెసిలిటీస్" అన్నాడు. డబ్బు ఎవరు పెడుతున్నారు? "మై ఫాదర్." ఆయనేం చేస్తారు? "బిజినెస్." అంతే.

ఇప్పుడు నాకు తెలిసిన అసలు సంగతి చెప్తా. మా చిన్నాన్నది మోటార్ వైండింగ్ షాపు, ఇరవై ఏళ్లుగా. కాలిపోయిన పంపుసెట్ మోటార్లు విప్పి రాగి తీగ మళ్లీ చుట్టడం, వీడు స్కూలు నుంచి రాగానే అక్కడే కూర్చుని వార్నిష్ వాసనలో హోమ్‌వర్క్ చేసేవాడు. ఇంజనీరింగ్ ఎలక్ట్రికల్ తీసుకుంది అందుకే, ఫైనలియర్ ప్రాజెక్ట్ వోల్టేజీ ఊగిసలాడినా మోటారు కాలకుండా చూసే కంట్రోలర్. వాడు అప్లై చేసిన కాలేజీలో మోటార్ డ్రైవ్స్ మీద ప్రత్యేకంగా ల్యాబ్ ఉంది, ఆ ఒక్క ల్యాబ్ కోసమే ఫీజు తక్కువున్న ఇంకో కాలేజీని వదిలేశాడు. ఇవేవీ నోట్లోంచి రాలేదు! ఎందుకు చెప్పలేదురా అంటే, మాక్ ఇంటర్వ్యూలో అలాంటివి చెప్పొద్దన్నారు, షాపు అంటే చీప్‌గా ఉంటుంది బిజినెస్ అనమన్నారు అన్నాడు. నాకు నిజంగా ఒళ్లు మండింది. వాడి జీవితంలో ఆఫీసరు అనుమానం తీర్చే ఒక్క కథని డబ్బులు తీసుకుని మరీ తుడిచేశారు. ఆ రోజు ఆ లైన్లో నిలబడ్డవాళ్లలో ఎంతమంది అదే వరల్డ్ క్లాస్ ఫ్యాకల్టీ అని ఉంటారో ఊహించుకోండి, కిటికీ అవతల మనిషి పొద్దుట్నుంచీ అదే పాట వింటున్నాడు.

ఫైలు ఎందుకు ముట్టుకోలేదో కూడా ఇందులోనే ఉంది. మీరు నింపిన డీఎస్-160, అంటే ఆన్‌లైన్ వీసా ఫారం, ఆయన స్క్రీన్ మీద ముందే ఉంటుంది, ఐ-20 వివరాలూ సెవిస్‌లో కనిపిస్తాయి. కాగితాలు అడిగేది మీ మాటలో ఏదైనా తేడా కొడితే సరిచూసుకోవడానికి. మాటే తేలిపోతే కాగితం దాకా వెళ్లే అవసరం రాదు, మాట గట్టిగా ఉన్నా చాలాసార్లు అవసరం రాదు. ఇంటర్వ్యూ లేని చోట ఈ పని మీ ఎస్‌ఓపీ, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరే రాసే లెటరు చేస్తుంది, అందుకే కెనడా ఫైళ్లలో అది ప్రాణం, ఆస్ట్రేలియాలో ఇప్పుడు ఫారంలోని ప్రశ్నలకి మీరు రాసే జవాబులు. గ్యాప్ ఉంటే ఆ గ్యాప్‌లో ఏం చేశారో, బ్యాక్‌లాగ్స్ ఉంటే ఎందుకొచ్చాయో, సివిల్ చదివి ఉన్నట్టుండి డేటా అనలిటిక్స్ అంటే ఆ మలుపు ఎక్కడొచ్చిందో మీరే ముందు చెప్పెయ్యాలి, ఎందుకంటే మీరు చెప్పని చోట ఆఫీసరు తనకి తోచింది ఊహించుకుంటాడు.

అలాగని నకిలీ కాగితాల జోలికి మాత్రం వెళ్లొద్దు. రిజెక్షన్ వేరు, అబద్ధం దొరికిపోవడం వేరు. రిజెక్ట్ అయితే మళ్లీ అప్లై చేసుకోవచ్చు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అమెరికాలో శాశ్వత నిషేధం దాకా వెళ్తుంది, మినహాయింపు అడగొచ్చు గానీ అదో యజ్ఞం. కెనడాలో 5 ఏళ్లు, బ్రిటన్‌లో 10 ఏళ్ల దాకా, ఆస్ట్రేలియాలో మామూలుగా 3 ఏళ్లు, తామెవరన్న విషయంలోనే మోసమైతే 10. ఏజెంట్ పెట్టాడు నాకు తెలీదు అన్నా సంతకం మీదే. 2023లో కెనడాలో బయటపడింది గుర్తుందా, ఏజెంట్లు ఇచ్చిన దొంగ అడ్మిషన్ లెటర్లతో వెళ్లిన స్టూడెంట్లు కొన్నేళ్లయ్యాక దేశం విడిచి వెళ్లమనే నోటీసులు అందుకున్నారు. ఆ దెబ్బకి 2023 డిసెంబర్ నుంచి ప్రతి లెటరూ కాలేజీయే నిజమని కన్ఫర్మ్ చెయ్యాలని రూలు తెచ్చారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు, కాలింది మాత్రం పిల్లల చేతులు.

రిజెక్ట్ అయితే ఏం చెయ్యొచ్చన్నది దేశాన్ని బట్టి. ముందు అమెరికా స్లిప్పు చదవడం నేర్చుకోవాలి, దాని మీద 221(జి) అని ఉంటే కథ ఇంకా అయిపోలేదు, ఏదో కాగితం కావాలనో, ఇంకొంచెం పరిశీలన ఉందనో అర్థం, అడిగింది ఇచ్చి ఆగాలి. 214(బి) అయితే ఆ అప్లికేషన్ ముగిసింది, అప్పీలు లేదు. కోర్టుకెళ్తానంటే, కాన్సులేట్ నిర్ణయాల్లో తాము తలదూర్చమని అక్కడి కోర్టులు ఎప్పట్నుంచో అంటున్నాయి, 2024లో సుప్రీంకోర్టు మునోజ్ కేసులో అమెరికా పౌరురాలి భర్త వీసా విషయంలోనే ఆ మాట గట్టిగా చెప్పింది, ఇంక స్టూడెంట్ ఎంత. కానీ 214(బి) మచ్చ కాదు, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ వెళ్లొచ్చు, సెవిస్ ఫీ మాత్రం అదే ఐ-20కి రెండోసారి కట్టక్కర్లేదు. బ్రిటన్‌లో 28 రోజుల్లోపు అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ అడగొచ్చు, ఆఫీసరు లెక్క తప్పితేనే పనికొస్తుంది, మీ స్టేట్‌మెంట్‌లో లోపముంటే కొత్తగా అప్లై చేసుకోవడమే మేలు. కెనడాలో ఆఫీసరు రాసుకున్న నోట్స్ తెప్పించుకునే వీలుంది, ఇదివరకు రిజెక్షన్ లెటర్‌లో టిక్కులు తప్ప ఏముండేవి కావు, 2025 జులై నుంచి చాలా లెటర్లతో పాటే ఆ నోట్స్ పంపుతున్నారు, అసలు కారణం వాటిలోనే ఉంటుంది, బయటి నుంచి అప్లై చేసినవాళ్లు 60 రోజుల్లో ఫెడరల్ కోర్టుకీ వెళ్లొచ్చు. జర్మనీలో ఇదివరకు కాన్సులేట్‌కే ఒక లెటర్ రాసి మళ్లీ చూడమని అడిగే పద్ధతి ఉండేది, ఫ్రీ కూడా, 2025 జులై నుంచి అది తీసేశారు, ఇప్పుడు కొత్త అప్లికేషనో లేక బెర్లిన్ కోర్టో.

టైమ్ గురించి రెండు ముక్కలు. ఎఫ్-1 వీసా కోర్సు మొదలయ్యే తారీఖుకి ఏడాది ముందు దాకా ఇస్తారు, దేశంలోకి మాత్రం 30 రోజులకన్నా ముందు రానివ్వరు. బ్రిటన్‌కి బయటి నుంచి ఆరు నెలల ముందు దాకా అప్లై చెయ్యొచ్చు. ఇంకోటి, 2025 జూన్ నుంచి అమెరికా స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్లు సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టాలి, డీఎస్-160లో గత అయిదేళ్ల అకౌంట్ల పేర్లు ఎలాగూ అడుగుతారు. ఇంటర్వ్యూ ముందు రోజు గాభరాగా అన్నీ డిలీట్ చేసెయ్యడం మంచి ఐడియా కాదు. ఫారంలో ఒక ఉద్యోగం, లింక్డ్‌ఇన్‌లో ఇంకో ఉద్యోగం ఉంటే అది సరిచేసుకోండి ముందు.

మావాడు అడ్మిషన్ వచ్చే ఇన్‌టేక్‌కి డిఫర్ చేసుకున్నాడు. మొన్న ఆదివారం కొత్త డీఎస్-160 నింపుతూ మళ్లీ ఫోన్ చేశాడు, ఎప్పుడైనా వీసా రిఫ్యూజ్ అయిందా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు, ఎస్ నొక్కితే కింద వివరం రాయమని డబ్బా తెరుచుకుంటోంది, ఏం రాయాలన్నా, సారీ చెప్పాలా అని. తారీఖు రాయి, ఎఫ్-1 అని రాయి, 214(బి) అని రాయి, చాలు అన్నా. ఈసారి నాన్నేం చేస్తారని కిటికీ దగ్గర అడిగితే మాత్రం బిజినెస్ అనకుండా షాపు పేరు చెప్పరా అన్నా. సరే అన్నాడు. ఫారం సబ్మిట్ చేశాడు గానీ స్లాట్ ఇంకా దొరకలేదు, పొద్దున లేచి పళ్లు తోముకునేలోపు ఒకసారి, పడుకునేముందు ఒకసారి ఆ సైటు తెరిచి చూస్తున్నాడు, ఎక్కువసార్లు లాగిన్ అయితే అకౌంట్ లాక్ అవుతుందని ఎవరో చెప్పారట.